శిక్షాకాలం పెంచితే నేరాలు తగ్గుతాయా? గోదావరి డెల్టా నుంచి ఒక పరిశీలన

2020 ఫిబ్రవరి 8న రాజమహేంద్రవరంలో రాష్ట్రంలోనే తొలి దిశ పోలీస్ స్టేషన్ ప్రారంభమైంది. అంతకు రెండు నెలల ముందు, హైదరాబాద్ శివార్లలో ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేసిన ఘోరంతో రెండు తెలుగు రాష్ట్రాలూ అట్టుడికిపోతున్న రోజుల్లో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. అందులో రెండు వేర్వేరు ఆలోచనలు ఒకే కాగితం మీదికి చేరాయి. అత్యాచారానికి మరణశిక్ష వేయాలన్నది ఒకటి. గట్టి ఆధారాలున్న కేసుల్లో ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ ముగించాలన్నది రెండోది. జనం నోట నానింది ఎక్కువగా మొదటిదే. రాష్ట్రపతి ఆమోదం దక్కక బిల్లు చట్టం కాలేదు. స్టేషన్లు మాత్రం వచ్చాయి.

ఈ రెంటిలో ఆడపిల్లను కాపాడగలిగేది ఏది? బిల్లును ఆమోదించిన 2019లోనే దేశం మొత్తమ్మీద కోర్టుల్లో తేలిన అత్యాచారం కేసుల్లో శిక్ష పడినవి 27.8 శాతమని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అంటే విచారణ దాకా వచ్చి ముగిసిన నాలుగు కేసుల్లో దాదాపు మూడింట్లో ముద్దాయి ఇంటికి వెళ్లిపోయాడు. అప్పటికి శిక్షలు తక్కువేం లేవు. నిర్భయ ఘటన తర్వాత 2013లో ఒకసారి పెంచారు, 2018లో మరోసారి పెంచి కనీస శిక్షను పదేళ్లు చేశారు. కేసు నిలవనప్పుడు పదేళ్లయినా ఉరి అయినా ఒకటే. ఇంకో చేదు నిజం కూడా ఉంది. ఈ కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడు: బంధువు, ఇరుగుపొరుగు, పనిచేసే చోట పెద్ద. బాబాయికో బావకో ఉరి పడుతుందంటే ఫిర్యాదు ఇవ్వడానికి ఆ ఇంట్లో ఎవరు ముందుకొస్తారు? శిక్ష పెరిగేకొద్దీ నోరు నొక్కే ఒత్తిడి కూడా పెరుగుతుంది. ఆడపిల్ల మాట విని అదే పూట కేసు కట్టి, అదే రోజు వైద్య పరీక్షకు పంపే స్టేషన్ ఊరికి దగ్గర్లో ఉండటం వల్ల కలిగే మేలు దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇక్కడే ఒక విషయం విడదీసి చూడాలి. నేరం చేసినవాడికి తగిన శిక్ష పడాలని కోరుకోవడం న్యాయమైన కోరిక. కూతుర్ని పోగొట్టుకున్న తల్లికి నేరశాస్త్ర పరిశోధనలు వల్లించి ఆ కోరికను తప్పుబట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే శిక్ష తగినదా అన్నది ఒక ప్రశ్న, ఆ శిక్ష వల్ల రేపు జరగబోయే నేరం ఆగుతుందా అన్నది ఇంకో ప్రశ్న. ఘోరం జరిగిన ప్రతిసారీ మన నాయకులు మొదటిదానికి జవాబిచ్చి, రెండోదానికి కూడా ఇచ్చేశామంటున్నారు. దానివల్ల నష్టపోయేది మళ్లీ బాధితులే.

శిక్ష నేరాన్ని ఆపే దారులు మూడు. చూసినవాళ్లకు భయం పుడుతుంది. లోపలున్నంత కాలం ఆ మనిషి బయట నేరం చేయలేడు. బయటికి వచ్చేటప్పటికి మారి ఉంటాడు, ఉంటే. భయం సంగతి 1764లోనే ఇటలీకి చెందిన బెకారియా రాశాడు: శిక్ష ఎంత క్రూరమైనది అన్నదానికన్నా ఎంత ఖాయమైనది అన్నదే మనిషిని ఆపుతుందని. రెండున్నర శతాబ్దాల తర్వాత, ప్రపంచంలో ఎవరూ చేయనంత పెద్ద ప్రయోగం చేసి చూసిన దేశం అమెరికా. 1970ల తర్వాత నాలుగు దశాబ్దాల్లో అక్కడ జనాభాలో ఖైదీల నిష్పత్తి నాలుగు రెట్లకు పైగా పెరిగింది. అక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2014లో ఆ అనుభవాన్నంతా తిరగేసి, శిక్షాకాలాన్ని పొడిగించడం వల్ల కలిగిన అదనపు భయం ఉంటే చాలా స్వల్పమని తేల్చింది. పట్టుబడతామన్న భయం పనిచేస్తుంది. మూడేళ్లు కాదు ఐదేళ్లు అన్న తేడా దాదాపు పనిచేయదు. 'దొరికితే దొంగ, దొరక్కపోతే దొర' అనే మన సామెతలోనూ లెక్కంతా దొరకడం దగ్గరే ఉంది, ఎన్నేళ్లన్నది ఎక్కడా లేదు.

డెల్టాలో ఇది ఎలా ఉంటుందో చూడాలంటే భీమవరం చుట్టుపక్కల, కోనసీమ తీరం వెంబడి ఉన్న రొయ్యల చెరువుల గట్ల మీదికి రాత్రి పూట వెళ్లాలి. గట్టు చివర కాపలా పాక. నీళ్లలో ఏరేటర్లు తిరుగుతుంటాయి. దూరంగా స్తంభాల మీద ట్రాన్స్‌ఫార్మర్. దొంగకు కావలసింది ఆ ట్రాన్స్‌ఫార్మర్ లోపలున్న రాగి తీగ, మోటార్లు, కేబుల్ వైరు. కరెంటు తీసేసి, నూనె వంపేసి, తీగ చుట్ట లాక్కుపోతే పాత సామాను కొట్టులో వాడికొచ్చేది కొన్ని వేలు. రైతుకు పోయేది అంతకు ఎన్నో రెట్లు. ఏరేటర్లు ఆగితే తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు పడిపోతుంది, రొయ్య పైకి తేలుతుంది, జనరేటర్ సమయానికి అందకపోతే పంట మొత్తం పోతుంది. కౌలుకు తీసుకుని, మేత కొట్లో అరువు పెట్టి సాగుచేసేవాడు ఒక్క రాత్రితో అప్పుల్లో మునిగిపోతాడు. ఆ మనిషికి దొంగ మీద ఎంత కసి ఉన్నా అర్థం చేసుకోవచ్చు.

చట్టం మెతకగా ఉందా అంటే లేదు. విద్యుత్ లైన్లు, సామగ్రి దొంగిలిస్తే 2003 నాటి విద్యుత్ చట్టం 136వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. రెండోసారి దొరికితే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా ఐదేళ్లు. ఈ మూడేళ్లను ఏడేళ్లు చేశామనుకుందాం. గట్టు మీద చీకట్లో పానా పట్టుకుని నిలబడ్డవాడికి ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. వాడు చూసుకునేది కాపలాదారు నిద్రపోయాడా, కుక్క ఉందా, తెల్లారేలోపు సరుకు అమ్ముడుపోతుందా అన్నవే. పొద్దున రైతు స్టేషన్‌కు వెళ్తే అక్కడి ఎస్సైకి అదే రోజు బందోబస్తు డ్యూటీ ఉంటుంది, కోర్టు వాయిదా ఉంటుంది, రోడ్డు ప్రమాదం పంచనామా ఉంటుంది. వేలిముద్రలు తీసే బృందం జిల్లా కేంద్రం నుంచి రావాలి. అప్పటికి గట్టు మీద పదిమంది తిరిగేసి ఉంటారు.

ఈ దొంగతనాన్ని ఆపే దారులు మరోచోట ఉన్నాయి, పైగా చవకైనవి. రాగి బదులు అల్యూమినియం తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు దొంగ సంతలో విలువ బాగా తక్కువ. పాత సామాను కొట్టువాడు కొన్న రాగికి అమ్మినవాడి గుర్తింపు కార్డు నకలు రిజిస్టరులో పెట్టుకునేలా, స్టేషన్ నుంచి ఎవరో ఒకరు వారానికోసారి ఆ రిజిస్టరు తిరగేసేలా చేస్తే దొంగకు అమ్ముకునే చోటే ఉండదు. దొంగసొత్తు కొనడం కూడా నేరమేనని పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ చెబుతూనే ఉంది. దొంగల్ని పట్టుకున్నంత ఉత్సాహంగా కొన్నవాళ్ల జోలికి ఎవరూ వెళ్లరు, అంతే. సెల్‌ఫోన్ల విషయంలో ఇదే సూత్రం ఇప్పటికే పనిచేస్తోంది. 2023 మేలో దేశమంతటికీ విస్తరించిన సీఈఐఆర్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా పోయిన ఫోన్‌ను ఏ సిమ్ముతోనూ పనిచేయకుండా ఆపేయవచ్చు, ఎవరైనా సిమ్ము వేస్తే ఆచూకీ తెలుస్తుంది. పోలీసులు ఫోన్లు వెతికి సొంతదారులకు అప్పగిస్తున్న ఫొటోలు ఇప్పుడు జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తున్నాయి. ఇందుకోసం ఫోన్ దొంగతనానికి ఒక్క నెల శిక్ష కూడా పెంచలేదు.

వీధి దీపం కూడా ఈ కోవలోదే. న్యూయార్క్‌లో 2016లో ప్రభుత్వ గృహ సముదాయాల్లో కొన్నింటిని లాటరీ పద్ధతిలో ఎంచుకుని పెద్ద దీపాలు పెట్టారు. దీపాలు పెట్టిన చోట రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు 36 శాతం తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు. మన ఏటిగట్టు రోడ్ల మీద, కాలవ గట్ల మీద రాత్రి ఎనిమిది దాటితే ఆడవాళ్లు ఒంటరిగా నడవలేని జాగాలు ఏవో ప్రతి పంచాయతీకీ తెలుసు. బడ్జెట్‌లో వీధి దీపాల పద్దును నేర నివారణ ఖర్చుగా ఎవరూ చూడరు. చూడాలి.

సంక్రాంతి కోడిపందేల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి పొట్టిగా చెప్పుకోవచ్చు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. లక్షల్లో పందేలు కాసేచోట ఇది హాస్యాస్పదం, దీన్ని తప్పకుండా పెంచాలి. అయితే దాన్ని ఐదేళ్ల జైలు చేసినా, ఆ మూడు రోజులూ బరి దగ్గరికి ఎవరూ రారని ఊరంతటికీ ముందే తెలిసినంత కాలం, బరులు లేస్తూనే ఉంటాయి. ఏటా హైకోర్టు ఆదేశాలు, ఏటా కత్తుల స్వాధీనం, ఏటా పందేలు. అమలు కాని చట్టం ఒకచోట ఉంటే దాని పక్కనున్న చట్టాల మీద కూడా జనానికి గురి పోతుంది.

గంజాయి వ్యవహారం వేరు. అక్కడ శిక్షలు నిజంగానే భారీగా ఉన్నాయి, నలభై ఏళ్లుగా ఉన్నాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద 20 కిలోలు దాటిన గంజాయితో దొరికితే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. బెయిలు దొరకడం మహా కష్టం. మన్యంలో పండిన సరుకు తుని వైపు నుంచో రంపచోడవరం వైపు నుంచో దిగి జాతీయ రహదారికీ రైల్వే స్టేషన్లకూ చేరే దారిలో ఉంది కాబట్టి, డెల్టా ముఖద్వారంలోని పట్టణాల్లో ఈ కేసులు పుష్కలం. దొరికేదెవరు? అద్దెకారు డ్రైవరు, సంచి మోసినందుకు నాలుగైదు వేలు వస్తాయని ఆశపడ్డ కుర్రాడు, భర్త వదిలేసిన ఆడమనిషి. సరుకు కొన్నవాడు వేరే రాష్ట్రంలో ఉంటాడు, పెట్టుబడి పెట్టినవాడి పేరు మోసేవాళ్లకే తెలియదు. ఒక కూలీని పదేళ్లు లోపల పెడితే ఆ పదేళ్లూ వాడు మోయడు, నిజమే. వారం తిరక్కుండా ఆ పనిలోకి ఇంకొకడు వస్తాడు. లోపల పెట్టడం వల్ల నేరం తగ్గాలంటే లోపలికి వెళ్లినవాడి చోటు ఖాళీగా ఉండాలి. కూలికి సరుకు మోసే వ్యాపారంలో ఆ చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

2021 చివర్లో 'పరివర్తన' పేరుతో మన్యంలో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. 2024లో గంజాయి కట్టడికి ఈగల్ అనే ప్రత్యేక విభాగం, ఫిర్యాదులకు 1972 అనే ఫోన్ నంబరు వచ్చాయి. వీటిలో నికరంగా నిలబడేది గిరిజన రైతుకు కాఫీ, మిరియం, పసుపు మీద గంజాయికి దీటుగా కాకపోయినా బతకగలిగినంత ఆదాయం చూపించే భాగమే. డెల్టా పట్టణాల్లో కాలేజీ పిల్లల దగ్గరికి చేరిన సరుకు విషయంలో చట్టంలోనే ఒక తలుపు తెరిచి ఉంది. చిన్న మోతాదుతో దొరికిన వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు ఒప్పుకుంటే 64ఏ సెక్షన్ కింద విచారణ నుంచి మినహాయింపు పొందవచ్చు. ఈ సెక్షన్ ఉందని తెలియక, చెప్పేవాళ్లు లేక, పిల్లాడికి కేసు పడిందని పరువు కోసం ఊరు మారిపోయిన కుటుంబాలున్నాయి. వ్యసన విముక్తికి దేశమంతటా 14446 ఉచిత నంబరు పనిచేస్తోంది. ఆ నంబరు స్టేషన్ గోడ మీద సెక్షన్ల పట్టిక పక్కన రాసి ఉండాలి.

ఇక మద్యం. డెల్టా పల్లెల్లో స్టేషన్ గుమ్మం దాకా వచ్చే గొడవల్లో దీని ప్రమేయం లేనివి ఏరుకోవాలి. భార్యను కొట్టడం, అన్నదమ్ముల కొట్లాట, గట్టు తగాదా కత్తిపోటు దాకా వెళ్లడం, బండి తీసుకెళ్లి ఎవరినో గుద్దడం. భార్యను హింసించినందుకు మూడేళ్ల శిక్ష ఉంది. ఆ ఇల్లాలు శనివారం రాత్రి స్టేషన్‌కు వచ్చి సోమవారం పొద్దున రాజీకి వస్తుంది. మనసు మారి కాదు. వాడు రిమాండ్‌కు వెళ్తే వారం కూలి ఎవరు తెస్తారు, పిల్ల ఫీజు ఎవరు కడతారు, అత్తింటివాళ్లు గుమ్మంలోకి రానిస్తారా అన్న లెక్కలు ఆమెకున్నాయి. శిక్షను ఏడేళ్లు చేస్తే సోమవారం దాకా కూడా ఆగదు. అసలు రాదు.

కఠిన శిక్షలతో మద్యాన్ని అణచాలని చూసిన రాష్ట్రం బీహార్. 2016లో నిషేధం తెచ్చి, తాగి దొరికినా ఏళ్ల తరబడి జైలు అని రాసుకున్నారు. కోర్టులు బెయిలు దరఖాస్తులతో నిండిపోయాయి. 2021 డిసెంబరులో విజయవాడలో మాట్లాడుతూ అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ, ముందుచూపు లేకుండా చట్టం రాస్తే ఏమవుతుందో చెప్పడానికి ఆ చట్టాన్నే ఉదాహరణగా చూపించారు. బీహార్ 2018లో ఒకసారి, 2022లో మరోసారి ఆ శిక్షలను సడలించుకుంది. మన దగ్గర దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో వెనక్కి వెళ్లింది. ఆ అనుభవం ఉన్న తరం ఇంకా మన మధ్యే ఉంది.

దీనికి భిన్నమైన పద్ధతి ఒకటి అమెరికాలోని సౌత్ డకోటాలో 2005 నుంచి నడుస్తోంది. తాగి బండి నడిపి పదేపదే దొరికినవాళ్లను ఏళ్ల తరబడి లోపల పెట్టే బదులు బయటే ఉండనిస్తారు. షరతు ఒక్కటే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి గొట్టంలో ఊదాలి. తాగినట్టు తేలితే అక్కడికక్కడే ఒకటి రెండు రోజులు లోపల, తర్వాత మళ్లీ బయటికి. ఈ పద్ధతి అమలైన కౌంటీల్లో తాగి నడిపి రెండోసారి పట్టుబడేవాళ్లు 12 శాతం, గృహహింస అరెస్టులు 9 శాతం తగ్గాయని 2013లో వచ్చిన అధ్యయనం తేల్చింది. గృహహింస తగ్గాలని ఈ పథకం పెట్టలేదు, తాగుడు తగ్గేసరికి అదీ తగ్గింది. శిక్ష చిన్నది, ఖాయం, వెంటనే. ఉద్యోగం పోదు, కూలి పోదు.

ఇదే సూత్రంతో హవాయి రాష్ట్రంలో 2004లో మొదలైన ఇంకో పథకం మొదట్లో అద్భుత ఫలితాలిచ్చింది. దాన్నే మరో నాలుగు చోట్ల అమలుచేసి చూస్తే 2016 నాటికి మామూలు పద్ధతికీ దానికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి పైదేశం నుంచి తెచ్చి నాటితే చాలు కాయలు కాస్తుందని ఎవరూ అనుకోకూడదు. అయినా ఇక్కడ ప్రయత్నించడానికి కావలసిన సామాను ఉంది. ఊదించి చూసే పరికరాలు పోలీసుల దగ్గర ఉన్నాయి, ఊరూరా సచివాలయం ఉంది, మండలానికో స్టేషన్ ఉంది. ఇల్లాలు కేసు వెనక్కి తీసుకునే బదులు, "వాడు రోజూ పొద్దున్నే వెళ్లి ఊదాలి" అనే షరతుతో బెయిలు ఇమ్మని కోర్టును అడగగలిగితే, ఆమె ముందు ఇవాళ లేని మూడో దారి ఒకటి తెరుచుకుంటుంది. ఒక మండలంలో ఏడాది నడిపి, పక్క మండలంతో పోల్చి చూడటానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

శిక్ష వేయడం సులువు, ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడటం కష్టం. దేశంలోని జైళ్లలో 2022 చివరికి 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. నూటికి 75 మందికి పైనే. వంద మంది పట్టే చోట 131 మంది ఉన్నారు. అదే ఏడాది కోర్టుల్లో ఉన్న శిక్షాస్మృతి కేసుల్లో దాదాపు పదింట తొమ్మిది ఏడాది చివరికీ తేలలేదు. రాజమహేంద్రవరం సెంట్రల్ జైలు గానీ డెల్టా పట్టణాల్లోని సబ్ జైళ్లు గానీ ఈ దేశం లోపలివే. శిక్షాకాలం పొడిగించాలా వద్దా అని చర్చ జరుగుతుంటే, శిక్షే పడనివాళ్లతో గదులు నిండి ఉన్నాయి. చాలామంది అక్కడుండటానికి కారణం నేరం తీవ్రత కూడా కాదు, జామీను ఇచ్చే మనిషి లేకపోవడం. పూచీకత్తు కట్టలేని పేద విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు సాయం చేసే కేంద్ర పథకం 2023లో వచ్చింది. నేర విచారణ పద్ధతులను చెప్పే కొత్త నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, అంతకుముందు ఏ నేరమూ రుజువు కానివాడు తన మీదున్న నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపలే గడిపితే విడుదల చేయాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు. మూడోవంతు గడిచిందని కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. ఆ ఉత్తరం వేళకు వెళ్తోందా అని ప్రతి జిల్లా న్యాయసేవాధికార సంస్థ నెలనెలా చూస్తే చాలు, చాలామంది ఇళ్లకు చేరతారు.

మొదటిసారి చిన్న దొంగతనంతో లోపలికి వెళ్లిన ఇరవై ఏళ్ల కుర్రాడు ఆరు నెలల్లో ఏం నేర్చుకుంటాడో ఊహించడం కష్టం కాదు. పక్క చాప మీద పడుకున్నవాడు వాడి కంటే పదేళ్లు పెద్ద, పది కేసులు ఎక్కువ. బయట హోటల్లో పని పోయింది, పెళ్లి సంబంధం పోయింది, ఊళ్లో పేరు పోయింది. ఏ కొట్టు పగిలినా ముందు పిలిచేది వాణ్నే. నార్వేలో జైలుకు వెళ్లినవాళ్ల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో మళ్లీ నేరం చేయడం తగ్గిందని తేలింది. ఆ మేలంతా అంతకుముందు పనీపాటా లేనివాళ్లకు లోపల వృత్తి శిక్షణ దొరకడం వల్ల వచ్చింది. ముందే ఉద్యోగం ఉన్నవాళ్లకు మేలు కలగకపోగా ఉన్న ఉద్యోగమూ పోయింది. నేర్పే జైలుకూ గోడలు మాత్రమే ఉన్న జైలుకూ అంత తేడా.

ఈ తేడాను మన సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ కేసులోనే గుర్తించింది. ఉద్యోగాలిప్పిస్తామని కుర్రవాళ్ల దగ్గర డబ్బు గుంజిన గియాసుద్దీన్ కేసులో 1977లో జస్టిస్ కృష్ణయ్యర్, మూడేళ్ల శిక్షను ఏడాదిన్నరకు తగ్గించి, ఆ కాలంలో అతనికి జైల్లో తగిన పని, బయటి ప్రపంచంతో సంబంధం ఉండాలని ఆదేశించారు. రాజ్యం పని పగ తీర్చుకోవడం కాదు, మనిషిని తిరిగి నిలబెట్టడం అన్నది ఆ తీర్పు సారం. అంతకు ముందే 1958 నుంచి, జైలుకు బదులు అధికారి పర్యవేక్షణలో బయటే ఉండనిచ్చే ప్రొబేషన్ చట్టం ఉంది. యావజ్జీవం పడే నేరం కాకపోతే, 21 ఏళ్లు నిండనివాడిని జైలుకు పంపాలంటే కోర్టు కారణం రాయాలని ఆ చట్టం ఆరో సెక్షన్ అంటుంది. అరవై ఐదేళ్ల తర్వాత కూడా ప్రొబేషన్ అధికారిని ఎన్నడైనా చూసినవాళ్లు డెల్టాలో ఎంతమంది ఉంటారు?

కఠినత్వాన్నే నమ్ముకున్న ప్రయోగం తెలుగు నేల మీద కూడా ఒకటి జరిగింది. డెల్టాకు దిగువన బాపట్ల దగ్గర స్టూవర్ట్‌పురం. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేసింది. 1913లో ఎరుకల కుటుంబాలను తెచ్చి ఆ సెటిల్‌మెంట్‌లో పెట్టారు. హాజరు పట్టీ, అనుమతి లేనిదే ఊరు దాటకూడదన్న ఆంక్ష, పోలీసుల కాపలా. మూడు దశాబ్దాలకు పైగా ఇంత కట్టడి నడిచింది. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయ్యే నాటికీ, ఆ తర్వాతా స్టూవర్ట్‌పురం పేరు చెబితే జనం తలుపులు గడియపెట్టుకునేవారు. అంటే కట్టడి దొంగల్ని తగ్గించలేదు, వాళ్ల పిల్లలకు వేరే పని దొరక్కుండా చేసింది. 1970లలో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణం, జాషువా కూతురైన హేమలతా లవణం ఆ ఊరికి వెళ్లి, ఇళ్లలో కూర్చుని మాట్లాడి, పిల్లల్ని బడిలో వేసి, పెద్దవాళ్లకు బతుకుతెరువు చూపించే పని మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి ఓపిగ్గా సాగిన పని అది. ఊరు మారింది పోలీసు హాజరు పట్టీతో కాదు, ఆ ఇళ్ల పిల్లలు చదువుకుని వేరే పనుల్లోకి వెళ్లడంతో.

ఇటువంటి పనికి ఇప్పుడు కొలతలు కూడా ఉన్నాయి. పశ్చిమాఫ్రికాలోని లైబీరియా రాజధాని మన్రోవియాలో దొంగతనాలు, కొట్లాటలతో బతికే 999 మంది యువకుల మీద ఒక ప్రయోగం జరిగింది. కొందరికి ఎనిమిది వారాల పాటు కోపాన్ని, తొందరపాటును అదుపులో పెట్టుకునే శిక్షణ ఇచ్చారు, కొందరికి 200 డాలర్లు ఇచ్చారు, కొందరికి రెండూ, కొందరికి ఏమీ లేదు. రెండూ అందుకున్నవాళ్లలో పదేళ్ల తర్వాత కూడా దొంగతనాల వంటివి దాదాపు సగానికి తగ్గి ఉన్నాయి. డబ్బొక్కటే ఇచ్చినచోట ఏడాది తిరిగేసరికి ఆ ప్రభావం పోయింది. అది మనకంటే పేద దేశం, యుద్ధాల్లో చితికిపోయిన ఊరు. అక్కడ సాధ్యమైనది అమలాపురంలోనో పాలకొల్లులోనో అసాధ్యమని ముందే అనేయడానికి కారణం కనిపించదు.

పొడవైన శిక్షలు అవసరమే లేదనడం కూడా నిజాయితీ కాదు. కాలిఫోర్నియాలో 1994లో వచ్చిన 'మూడోసారి దొరికితే పాతికేళ్లు' చట్టం వల్ల అప్పటికే రెండు నేరాలు రుజువైనవాళ్లలో అరెస్టులు 17 నుంచి 20 శాతం వరకు తగ్గాయని 2007లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కతేల్చారు. భయం పనిచేసిందన్నమాట. ఆ కాస్త తగ్గుదలకు అయిన ఖర్చుతో పోలీసుల్ని పెంచి ఉంటే అంతకు మించిన ఫలితం వచ్చేదని కూడా వాళ్లే చెప్పారు. చిన్నపిల్లల్ని వేటాడేవాడు, సుపారీ తీసుకుని చంపేవాడు, వడ్డీ పేరుతో కుటుంబాల్ని ఉరితాడు దాకా తోసే ముఠా నాయకుడు బయట తిరగకుండా ఉండటమే సమాజానికి రక్షణ. వాళ్లకు దీర్ఘ శిక్షలు పడాలి. అయితే హింసతో కూడిన నేరం ఎక్కువగా పదిహేడు నుంచి పాతికేళ్ల లోపు వయసులో జరిగేది. నలభై దాటాక చాలామంది తమంతట తామే మానేస్తారు. ముప్పయ్యేళ్ల శిక్షలో చివరి పదిహేనేళ్లు ఖజానా పోషించేది, చాలావరకు బయట వదిలినా నేరం జోలికి పోని నడివయసువాణ్ని. ఆ పదిహేనేళ్ల ఖర్చుతో ఒక ఫోరెన్సిక్ నిపుణుడిని, ఒక అదనపు కోర్టును, ఇద్దరు ప్రొబేషన్ అధికారులను పెట్టవచ్చా అన్నది అసలు ప్రశ్న.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో సమాజ సేవను తొలిసారి ఒక శిక్షగా చేర్చారు. ఐదు వేల లోపు సొత్తు దొంగిలించి మొదటిసారి దొరికినవాడు సొత్తు తిరిగిచ్చేస్తే జైలుకు బదులు సమాజ సేవ చేయవచ్చు. తాగి బహిరంగ ప్రదేశంలో అల్లరి చేసినవాడికీ ఆ వీలుంది. డెల్టాలో దానికి పని కొరత లేదు. గుర్రపుడెక్క తీయాల్సిన మురుగు కాలవలున్నాయి, చేయి అందిస్తే చాలని చూసే ప్రభుత్వాసుపత్రి వార్డులున్నాయి, ప్రతి వానాకాలం బలపరచాల్సిన గట్లున్నాయి. అయితే మేజిస్ట్రేటు అలా శిక్ష వేయాలంటే ముందు కొన్ని తేలాలి. ఎన్ని గంటలు, ఎక్కడ, రోజూ హాజరు వేసేది పంచాయతీ కార్యదర్శా, ఆసుపత్రి సూపరింటెండెంటా, నీటిపారుదల ఏఈయా? రాకపోతే కోర్టుకు చెప్పేదెవరు? పని చేస్తుండగా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది? జిల్లా జడ్జి, కలెక్టరు, ఎస్పీ ఒక గంట కూర్చుని ఈ నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబులిస్తే మర్నాటి నుంచే ఈ శిక్ష వాడుకలోకి వస్తుంది.